హెడ్‌ఫోన్స్‌కి ఈక్వలైజర్ పెట్టె కొనే ముందు

తమ్ముడూ, నీ ప్రశ్న నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో ముందు చూడు. నీ దగ్గర బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో హెడ్‌ఫోన్ ఉంది, 250 ఓంలది. ల్యాప్‌టాప్ నుంచి డాక్‌కి (డిజిటల్ పాటని మామూలు ఆడియో సిగ్నల్‌గా మార్చే పెట్టె), డాక్ నుంచి ఒక చిన్న హెడ్‌ఫోన్ ఆంప్‌కి (ఆ సిగ్నల్‌కి బలమిచ్చే పెట్టె) తగిలించావు. పాటలు బాగానే ఉన్నాయి గానీ ‘స’ వచ్చిన ప్రతిసారీ చెవిలో సూది దిగినట్టుంది, గంట దాటితే తలనొప్పి వస్తోంది. రాత్రి ఇంట్లోవాళ్లు పడుకున్నాక సౌండ్ తగ్గించి వింటే బాస్ ఎటో పోతోంది. అందుకని ఈక్వలైజర్ పెట్టె, అంటే కింది, మధ్య, పై స్వరాల్ని విడివిడిగా పెంచి తగ్గించేది, ఒకటి కొందామనుకుంటున్నావు. షిట్ ఆడియో వాళ్ల లోకీ మినీ తీసుకోవాలా (కంపెనీ పేరు నిజంగానే అది, నవ్వకు), లేక మీ ఊళ్లో సౌండ్ సిస్టమ్ అతను తక్కువకి ఇస్తానంటున్న పాత 31 బ్యాండ్ల గ్రాఫిక్ ఈక్వలైజర్ తీసుకోవాలా? ఆంప్‌కి ముందు పెట్టాలా, తర్వాత పెట్టాలా? ఏ నాబ్ ఎంత తిప్పాలి?

నేను చాలా ఏళ్లు పెళ్లిళ్లకీ సభలకీ సౌండ్ వేసినవాణ్ణి. ఇప్పుడు నడుం సహకరించక ఆ పని మానేసి, ఇంట్లో కూర్చుని హెడ్‌ఫోన్స్‌లో పాటలు వింటున్నాను. నువ్వు అడిగిన రెండు రకాల పెట్టెలతోనూ కుస్తీ పట్టాను కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

ఇప్పుడే ఏదీ కొనకు. నీ ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉంటే ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకో. దాని మీద పీస్ అనే ఇంకోటి వేస్తే స్లైడర్లు కనిపిస్తాయి. అందులో నాలుగే ఫిల్టర్లు పెట్టు: 20, 400, 2 వేలు, 8 వేల హెర్ట్జ్ (సెకనుకి కంపనల లెక్క, అంకె పెరిగేకొద్దీ స్వరం సన్నబడుతుంది). లోకీ మినీలో ఉన్న నాలుగు నాబ్‌లు సరిగ్గా అవే. వెడల్పుని నిర్ణయించే క్యూ విలువ 0.7 దగ్గర ఉంచు, అంటే ప్రతి నాబ్ చుట్టుపక్కల స్వరాల్ని కూడా తనతో లాక్కెళ్లేలా. రెండు వారాలు దానితో విను. ఆ రెండు వారాల్లో పాట మారినప్పుడల్లా నీ చెయ్యి ఆ స్లైడర్ల మీదికి వెళ్తోందా, లేక మొదటి రోజు సర్ది మళ్లీ దాని జోలికే పోలేదా, గమనించు. మొదటిదైతే పెట్టె కొనుక్కో, ఆనందిస్తావు. రెండోదైతే నీకు పెట్టె అక్కర్లేదు, ఆ డబ్బుతో కొత్త ఇయర్‌ప్యాడ్స్ కొనుక్కో.

ఎందుకంటే హార్డ్‌వేర్ ఈక్వలైజర్ సాఫ్ట్‌వేర్ కన్నా కచ్చితమైనది కాదు. చాలామంది ఇక్కడే పొరపడతారు. ఖరీదైన పెట్టె కాబట్టి ఎక్కువ పని చేస్తుందనుకుంటారు. నిజానికి నాలుగు నాబ్‌ల పెట్టె చేసేదంతా ఉచిత సాఫ్ట్‌వేర్ చేస్తుంది, ఇంకా ఎక్కువే చేస్తుంది. పెట్టె గొప్పతనమల్లా అది చేతికి అందడం. కళ్లు మూసుకుని పాట వింటూ నాబ్ పట్టుకుని అరంగుళం తిప్పితే గాయని గొంతు ముందుకొస్తుంది. మౌస్ పట్టుకుని స్క్రీన్ మీద విండో తెరిచి అంకెలు చూస్తూ చేసే పనికీ దీనికీ చాలా తేడా. వెనకటి టూ-ఇన్-వన్ టేప్‌రికార్డర్ల మీద ఐదు స్లైడర్లుండేవి, గుర్తుందా? మా నాన్న వార్తలకి ఒక రకంగా, హరికథకి ఒక రకంగా పెట్టేవాడు. ఆయనకి హెర్ట్జ్ అంటే ఏంటో తెలియదు. చెవికి నచ్చేదాకా జరిపేవాడు, అంతే.

పెట్టెకి ఇంకో లాభముంది. డాక్ తర్వాత ఉంటుంది కాబట్టి టీవీ అయినా, సీడీ ప్లేయర్ అయినా, ఫోన్ అయినా అన్నిటికీ ఒకటే. ఆఫీసువాళ్లిచ్చిన ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ వేసుకోనివ్వరు, అలాంటివాళ్లకి కూడా ఇదే దారి.

సరే, కొన్నావనుకుందాం. ఎక్కడ తగిలించాలి? డాక్‌కీ ఆంప్‌కీ మధ్యలో. డాక్ వెనకున్న ఆర్‌సీఏ (ఎరుపు, తెలుపు గుండ్రటి సాకెట్లు) నుంచి ఈక్వలైజర్ ఇన్‌పుట్‌కి, ఈక్వలైజర్ అవుట్‌పుట్ నుంచి ఆంప్ ఇన్‌పుట్‌కి. ఆంప్ తర్వాత, అంటే ఆంప్‌కీ హెడ్‌ఫోన్స్‌కీ మధ్య ఎప్పుడూ పెట్టకు. ఈ పెట్టెలు లైన్ లెవెల్ సిగ్నల్ కోసం, అంటే ఆంప్ బలం ఇంకా చేరని సిగ్నల్ కోసం చేసినవి. ముందు నుంచి ఆంప్ బలమంతా తెచ్చి కుక్కితే బొంగురుపోతుంది. ఇటు వెనక నుంచి చూస్తే, హెడ్‌ఫోన్స్‌ని నడిపే సత్తా వీటికి లేదు. సెట్టింగ్ ఎంత తిప్పినా ‘సౌండే లేదు’ అని నాకు మెసేజ్ పెట్టినవాళ్లలో సగం మంది కేబుల్ ఇలాగే పెట్టారు.

వాల్యూమ్ ఆంప్ దగ్గరే తగ్గించుకో. డాక్‌కి వాల్యూమ్ ఉంటే అది నిండుగా ఉంచు. కాకపోతే ఈక్వలైజర్‌లో బాస్ బాగా పెంచినప్పుడు పాట చిట్లినట్టు వినిపిస్తే మాత్రం డాక్‌ని కాస్త దించు. లెక్క చూడు: సాధారణ డాక్ ఆర్‌సీఏ నుంచి నిండు వాల్యూమ్‌లో 2 వోల్టుల దాకా ఇస్తుంది. ప్రతి 6 డీబీకి (డెసిబెల్, సౌండ్ హెచ్చుతగ్గుల కొలత) వోల్టేజీ రెండింతలవుతుంది. లోకీ మినీలో 20 హెర్ట్జ్ నాబ్ 12 డీబీ దాకా పెంచగలదు, అంటే నాలుగింతలు, అంటే 8 వోల్టులు. ఆ దెబ్బకి చాలా ఆంప్‌ల ఇన్‌పుట్ తట్టుకోలేదు. నీ హెడ్‌ఫోన్స్ వైపు నుంచి కూడా ఇదే లెక్క. 250 ఓంల డీటీ 990 ప్రో 1 మిల్లీవాట్‌కి 96 డీబీ ఇస్తుంది, దానికి అర వోల్టు చాలు. బాస్‌ని 12 డీబీ ఎత్తితే ఆ బాస్ వచ్చిన క్షణంలో 2 వోల్టులు కావాలి, పవర్ 16 రెట్లు. నీ ఆంప్ ఇవ్వగలదు. ఫోన్‌కి తగిలించే డాంగిల్ మాత్రం చేతులెత్తేస్తుంది. ఈక్వలైజర్ లేని బాస్‌ని ఎక్కడి నుంచో తెచ్చివ్వదు, ఆంప్ దగ్గర అప్పు చేసి ఇస్తుంది.

ఇప్పుడు ఆ 31 బ్యాండ్ల సంగతి. వద్దు. అది చెడ్డదని కాదు, నేను దాంతోనే అన్నం తిన్నాను. కానీ అది పుట్టిన పని వేరు. కల్యాణ మండపంలో మైకు ‘కూ’ అని కూసినప్పుడు, ఆ కూత ఏ స్వరంలో ఉందో పట్టుకుని ఆ ఒక్క స్లైడర్ కిందికి లాగడానికి అన్ని బ్యాండ్లు పెట్టారు. పంతులుగారు మైకుని స్పీకర్ వైపు తిప్పినప్పుడల్లా నా వేలు 2 వేలకీ 3 వేలకీ మధ్య పరుగెత్తేది. స్టీరియో పెట్టె కాబట్టి ఎడమకి 31, కుడికి 31, మొత్తం 62 స్లైడర్లు. హెడ్‌ఫోన్స్‌లో వినాలంటే ప్రతి జతా తూచినట్టు సమానంగా ఉండాలి. ఒక్క జతలో రెండు డీబీల తేడా వచ్చినా గొంతు నుదుటి మధ్య నుంచి ఒక చెవి వైపు జరుగుతుంది. మండపంలో ఎవరికీ తెలియదు. హెడ్‌ఫోన్స్‌లో రెండో నిమిషానికి తెలిసిపోతుంది.

పని మానేశాక నా పాత 31 బ్యాండ్ పెట్టెనే టేబుల్ మీద పెట్టుకుని విన్నాను. మూత తీస్తే లోపల అగరుబత్తి మసి, పూల పుప్పొడి, చచ్చిన చీమలు. స్లైడర్ జరిపితే కరకరమని శబ్దం. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఒక్కోటీ ఇరవై సార్లు పైకీ కిందికీ ఆడించాను, ఒక ఆదివారం మొత్తం పోయింది. అయినా 250 దగ్గర కుడి వైపు స్లైడర్ ఎప్పుడు పట్టుకుంటుందో ఎప్పుడు వదిలేస్తుందో దానికే తెలియాలి. పైగా ఆ పెట్టెల వెనక కెనాన్ (ఎక్స్‌ఎల్‌ఆర్), పీ-38 (పావు అంగుళం లావు) జాక్‌లే ఉంటాయి, నీ ఆర్‌సీఏకి మార్పిడి కేబుళ్లు చేయించుకోవాలి. తక్కువకి వస్తోందని తీసుకుంటే మొత్తం ఖర్చు అంతే తేలుతుంది.

నీ అసలు బాధ ‘స’ దగ్గర కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. డీటీ 990కి 8, 9 వేల హెర్ట్జ్ చుట్టుపక్కల ఒక గుట్ట ఉంది, అంటే అక్కడి స్వరాలు పక్కవాటికన్నా గట్టిగా వస్తాయి, ఆ హెడ్‌ఫోన్‌ని కొలిచినవాళ్లందరికీ కనిపించేదే. మన ‘స’లో బలమంతా 5 వేలకి పైనే ఉంటుంది, ‘ష’ దానికన్నా కిందనే మొదలవుతుంది. అందుకే నిన్ను ‘స’ గుచ్చినంతగా ‘ష’ గుచ్చదు. కావాలంటే ఇవాళ విని చూడు. ఆ గుట్ట సన్నటిది. లోకీలో 8 వేల నాబ్ వెడల్పైనది. అది తగ్గిస్తే గుట్ట తగ్గుతుంది, దాంతో పాటు గుట్ట పక్కన బాగానే ఉన్న నేల కూడా దిగుతుంది. తాళాల మెరుపు, వీణ తీగ మీద మీటు పడినప్పటి మొదటి చురుకు, వేణువులో ఊపిరి, ఇవన్నీ కాస్త మసకబారతాయి. కాబట్టి ఆ నాబ్‌తో గుట్టని పూర్తిగా చదును చేయాలని చూడకు. నొప్పి సగం తగ్గేదాకా తిప్పి ఆగు.

పూర్తిగా సరిచేయాలంటే పారామెట్రిక్ కావాలి. అందులో ఏ స్వరం, ఎంత వెడల్పు, ఎన్ని డీబీలు, మూడూ నీ చేతిలో ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌లో ఇది ఉచితం. పెట్టెలోనే కావాలంటే ఆర్‌ఎంఈ ఏడీఐ-2 డాక్‌లో ఐదు బ్యాండ్ల పారామెట్రిక్ ఉంది, ఖరీదు మాత్రం చుక్కల్లో. జేబులో పట్టే క్యూడెలిక్స్-5కేలో కూడా ఉంది, ఫోన్ యాప్‌తో ఒకసారి పెడితే ఆ పరికరమే గుర్తుపెట్టుకుంటుంది. కాకపోతే ఇవన్నీ లోపల డిజిటల్‌గా చేసేవే, నాబ్ తిప్పే సరదా ఉండదు.

గుట్ట నీ చెవికి సరిగ్గా ఎక్కడుందో నువ్వే కనుక్కోవాలి. చెవి ఆకారాన్ని బట్టీ, ప్యాడ్ అరిగినదాన్ని బట్టీ అది అటూ ఇటూ జరుగుతుంది. ఇంటర్నెట్‌లో టోన్ జనరేటర్లు దొరుకుతాయి. వాల్యూమ్ బాగా తగ్గించి (ఇది మర్చిపోకు, చెవులు మళ్లీ రావు) 5 వేల దగ్గర మొదలుపెట్టి మెల్లగా 10 వేల దాకా పోనివ్వు. ఎక్కడో ఒకచోట ఈల ఉన్నట్టుండి పెద్దదై చెవిని పొడుస్తుంది. ఆ అంకె రాసుకో. నా చెవికి 8,400 వచ్చింది. అక్కడ క్యూ 3 పెట్టి 5 డీబీ తగ్గించాను, ‘స’ మెత్తబడింది, తాళాలు అలాగే ఉన్నాయి.

నిజం చెప్పాలంటే నేను రెండూ వాడతాను. గుట్టని సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి కోసేశాను, మళ్లీ ముట్టుకోలేదు. పాటని బట్టి మార్చుకునే పని నాబ్‌లకి వదిలేశాను. నీకూ అదే నప్పుతుందనుకుంటున్నాను.

నాబ్‌లు ఎలా తిప్పాలంటావా? అన్నీ పన్నెండు గంటల దగ్గర పెట్టు, అంటే నిట్టనిలువుగా, సున్నా. ల్యాప్‌టాప్‌లో, ఫోన్‌లో డాల్బీ అనీ బాస్ బూస్ట్ అనీ ఏవైనా ఆన్‌లో ఉంటే తీసెయ్. చాలామంది రెండు చోట్ల పెంచి మూడో చోట తగ్గిస్తుంటారు. తర్వాత నీకు కంఠతా వచ్చిన పాట ఒకటి పెట్టి, ఒక్క నాబ్ మాత్రమే ఆ చివరికి తిప్పు, ఈ చివరికి తిప్పు. అది ఎక్కడ పనిచేస్తుందో చెవికి అర్థం కావడానికి. ఆ తర్వాత సున్నాకి తెచ్చి, తేడా తెలిసీ తెలియనంత దగ్గర ఆపు. నాలుగూ ఒకేసారి ముట్టుకుంటే ఏది ఏం చేసిందో తెలియదు.

20 అని రాసి ఉన్న నాబ్ నిజానికి 100 దాకా పాకుతుంది. డప్పు మొదటి దెబ్బలో గుండెకి తగిలేది అక్కడే. 400 దగ్గర మగ గొంతు దిగువ భాగం ఉంటుంది. అది ఎక్కువైతే డబ్బాలో పాడినట్టుంటుంది, ఒక గీత తగ్గిస్తే గాలి ఆడుతుంది. 2 వేలు మాట స్పష్టత. డీటీ 990లో గొంతు వాయిద్యాల వెనక్కి పోయినట్టు ఉంటుంది కాబట్టి దీన్ని ఒక గీత పెంచు. ఎక్కువ పెంచితే సన్నాయి ప్రాణం తీస్తుంది. 8 వేలు పదకొండు గంటల దగ్గర మొదలుపెట్టి పదిన్నర దాటకుండా చూసుకో. సౌండ్ పనిలో కొత్త కుర్రాళ్లు స్లైడర్లన్నీ నవ్వు ముఖంలా, చివర్లు పైకీ మధ్య కిందికీ పెడతారు. డీటీ 990 పుట్టుకతోనే ఆ నవ్వు ముఖంతో వచ్చింది, నువ్వు మళ్లీ నవ్వించక్కర్లేదు.

రాత్రి బాస్ పోవడం హెడ్‌ఫోన్స్ తప్పు కాదు, నీ చెవి తప్పూ కాదు. సౌండ్ తగ్గేకొద్దీ మనిషి చెవికి కింది స్వరాలు ముందుగా వినబడకుండా పోతాయి. ఫ్లెచర్, మన్సన్ అని బెల్ ల్యాబ్స్‌లో ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీశారు. పాత స్టీరియోల మీద లౌడ్‌నెస్ అని మీట ఉండేది ఇందుకే. కాబట్టి రాత్రికి 20 నాబ్ ఒకటిన్నర, రెండు గంటల దాకా తిప్పుకో, పగలు మళ్లీ పన్నెండుకి తెచ్చెయ్. రోజుకి రెండుసార్లు చేసే ఈ పనికే నాబ్ బాగా పనికొస్తుంది. ఇంకోటి, నీది ఓపెన్ హెడ్‌ఫోన్, పక్కన పడుకున్నవాళ్లకి పాట వినిపిస్తుంది, ఆ సంగతి ఈక్వలైజర్ చూసుకోదు.

పాత పాటల విషయంలో ఒక్క మాట. ఘంటసాల కాలం నాటి సినిమా పాటల్లో 8 వేల హెర్ట్జ్ పైన దాదాపు ఏమీ ఉండదు, ఆనాటి ఆప్టికల్ సౌండ్ ట్రాక్ అంతవరకే మోసేది. పాట మసగ్గా ఉందని 8 వేల నాబ్ పెంచితే పైకొచ్చేది బుస మాత్రమే. అలాంటి పాటకి 8 వేలు ఇంకా తగ్గించి 2 వేలు ఒక గీత పెంచి చూడు, మాట తేటపడుతుంది. అలాగే ఒకప్పుడు మనందరం దింపుకున్న 128 కేబీపీఎస్ ఎంపీ3లలో 16 వేల పైభాగం చాలావరకు కోసేసి ఉంటుంది. లోకీ మినీకి పెద్దన్న లోకియస్‌లో ఆరు నాబ్‌లున్నాయి, చివరిది 16 వేలు. నీ దగ్గరున్నవన్నీ ఆ పాత ఎంపీ3లే అయితే ఆ నాబ్‌తో నీకు పెద్దగా పని పడదు.

ఇక మోసపోయే చోటు ఒకటుంది. పెట్టె ముందు ఈక్వలైజర్‌ని పక్కకి తప్పించే స్విచ్ ఉంటుంది. నేను కళ్లు మూసుకుని కూర్చుంటే మా అమ్మాయి ఆ స్విచ్ వేస్తూ తీస్తూ ‘ఇదా, అదా?’ అని అడిగింది. ప్రతిసారీ ఈక్వలైజర్ ఉన్నదే బాగుందన్నాను, నా చెవి గురించి గర్వం కూడా వచ్చింది. అప్పుడు మా అమ్మాయి, ‘నాన్నా, అది వేసినప్పుడు సౌండ్ పెద్దగా వస్తోంది కదా’ అంది. నిజమే, బాస్, గొంతు రెండూ పెంచాను కాబట్టి మొత్తం సౌండే పెరిగింది. స్విచ్ వేసిన ప్రతిసారీ ఆంప్ వాల్యూమ్ కాస్త తగ్గించి రెండూ సమానం చేసి మళ్లీ అడిగితే, రెండు పాటలకి ఈక్వలైజర్ లేనిదే ఎంచుకున్నాను. సౌండ్ పెద్దగా ఉన్నది బాగున్నట్టే వినిపిస్తుంది, ఎవరికైనా. సమానం చేయకుండా పోల్చకు.

బాస్ నాబ్ పెంచగానే వెనక ‘హూం’ అని సన్నటి హమ్ మొదలైతే పెట్టె పాడైందని కంగారు పడకు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ నాబ్ సరిగ్గా దాన్ని కూడా ఎత్తుతుంది. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద పెట్టి చూడు. హమ్ పోతే అది గ్రౌండ్ లూప్ (ఎర్త్ రెండు దారుల్లో కలిసి హమ్ లోపలికి రావడం), అన్నిటి ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెడితే చాలాసార్లు సర్దుకుంటుంది.

చివరికి ఒక హెచ్చరిక, నా చెయ్యి కాలింది కాబట్టి చెప్తున్నాను. మొదటి ఈక్వలైజర్‌ని మా బావమరిది అమెరికా నుంచి వస్తూ తెచ్చాడు. ప్లగ్గు కాళ్లు మన సాకెట్‌లో దూరకపోతే ఒక కన్వర్టర్ పిన్ పెట్టి గుచ్చేశాను. మొబైల్ చార్జర్లు ఏ దేశంలోవైనా ఇక్కడ పనిచేస్తాయి కదా అని ధీమా. ఈ పెట్టెల అడాప్టర్లు చాలావరకు అలాంటివి కావు, లోపల మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అమెరికా వాటి మీద 115 వోల్టులని రాసి ఉంటుంది. మన 230 తగలగానే రెండు నిమిషాల్లో కమురు వాసన, అడాప్టర్ పట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. పెట్టె బతికింది, అడాప్టర్ పోయింది. అది బయటికి ఇచ్చేది 16 వోల్టుల ఏసీ, డీసీ కాదు. ఆ సంగతి తెలియక బజార్లో డీసీ అడాప్టర్ కొనుక్కొచ్చి ఇంకో వారం తిరిగాను. చివరికి ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే అతని దగ్గర 230 నుంచి 16 ఏసీకి ఒకటి చేయించుకున్నాను, ఇప్పటికీ అదే నడుస్తోంది.

నువ్వు బయటి నుంచి తెప్పించుకునేటట్టయితే 230 వోల్టులది కావాలని ఆర్డర్‌లోనే అడుగు. ఎవరి దగ్గరైనా సెకండ్‌హ్యాండ్ తీసుకునేటట్టయితే, అడాప్టర్ వెనక అక్షరాలు కనిపించేలా ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టు. నేను చూసి చెప్పేదాకా ప్లగ్గులో పెట్టకు.